ఇసుక మీద కట్టిన విశ్వాసి

భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో 19వ శతాబ్దంలో గోదావరికి అడ్డంగా ఒక ఆనకట్ట కట్టారు. నాగపూర్ ప్రాంతపు సరుకు పడవల మీద సముద్రం దాకా సాగాలన్న పెద్ద కలలో అదొక భాగం. ఆ కల కన్నవారు సర్ ఆర్థర్ కాటన్.

1803లో ఇంగ్లండులో పుట్టిన కాటన్ 1821లో, పద్దెనిమిదేళ్ల వయసులో సైనిక ఇంజినీరుగా మద్రాసు వచ్చారు. బైబిలును శ్రద్ధగా చదివే విశ్వాసి ఆయన. కావేరి మీద చోళరాజుల నాటి కల్లణై ఆనకట్టను చూసినప్పుడు ఆయనలో ఒక ప్రశ్న పుట్టింది. అడుగున బండ లేని ఇసుకలో ఇంత బరువు ఎలా నిలిచింది? పాలకజాతి గర్వంతో చూస్తే అది పాత రాళ్లగుట్టే. ఆయన మాత్రం విద్యార్థిలా చూశారు. రాళ్లు పోస్తూ పోతే అవి ఇసుకలోకి దిగి దిగి ఒకచోట కుదురుకుంటాయి, ఆ కుదురే పునాది అవుతుంది. ఈ విద్య తమకు ఈ దేశపు పూర్వీకులే నేర్పారని ఆయన దాచకుండా ఒప్పుకున్నారు.

1833 నాటి కరువులో గోదావరి జిల్లా ప్రజలు వేల సంఖ్యలో చనిపోయారు. నిండుగా పారే నది పక్కనే ఆకలిచావులు! కాటన్ ఆ నేర్చుకున్న పాఠాన్నే ఇక్కడ ఇంకా పెద్ద నది మీద ప్రయోగించారు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. ఆరోగ్యం దెబ్బతిన్నా ఆయన వెనుదీయలేదు. వీణెం వీరన్న వంటివారు కుడిభుజంగా నిలిచారు. 1852లో ఆనకట్ట పూర్తయింది, డెల్టా అన్నపూర్ణ అయింది.

ఇసుక మీద ఇల్లు కట్టిన బుద్ధిహీనుని ఉపమానం మనకు కంఠతా వచ్చు. అయితే ప్రభువు అక్కడ తప్పుబట్టింది తన మాట విని దాని ప్రకారం చేయనివాడిని. కాటన్ ఇసుక మీద కట్టారు గానీ, తెలుసుకున్నదాన్ని చేసి చూపించారు.

ఆయన తలపెట్టినవన్నీ ఫలించలేదు. దుమ్ముగూడెం పడవల పథకాన్ని ప్రభుత్వం 1871లో ఆపేసింది. అయినా ఆ పనుల మీద వచ్చిన హెయిగ్ అనే ఇంజినీరు కోయ ప్రజల మధ్య సువార్త పనికి నాంది పలికారు. మనుషులు ఆపేసిన చోట దేవుడు వేరే కాలువ తవ్వాడన్నమాట!

ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక, ముసలితనంలో కూడా కాటన్ ఊరుకోలేదు. నేలను లోతుగా తవ్వి గోధుమ పండిస్తే దిగుబడి ఎంత పెరుగుతుందోనని పరిశోధనలు చేశారు. 1899లో, 96వ ఏట ప్రభువు పిలుపు అందుకున్నారు.

తలాంతును భూమిలో దాచిన దాసుడు దాన్ని పోగొట్టలేదు, దొంగిలించలేదు. నష్టానికి భయపడి ఏమీ చేయలేదు, అంతే. యజమాని దృష్టిలో అదే నేరమైంది. గనిలో దిగే కార్మికుడైనా, అడవి అంచున బడి నడిపే ఉపాధ్యాయుడైనా, కొత్త పని నేర్చుకోవాలని ఉండీ నలుగురూ నవ్వుతారేమోనని ఆగిపోయే యువకుడైనా ఈ మాట ఆలోచించాలి. మన సంఘాల్లో సైతం ఇదివరకు ఎవరూ ఇలా చేయలేదన్న ఒక్క మాటతో ఎన్ని మంచి ఆలోచనలు సమాధి కావడం లేదు? తెలియనిది అడగడం, చిన్నవారి దగ్గరైనా నేర్చుకోవడం, నేర్చింది పదిమంది ఆకలి తీర్చేందుకు వాడడం కూడా ఆరాధనే. ఫలితం దేవునిది, పార పట్టాల్సింది మాత్రం మనమే.