కాటన్ మహాశయుడు – కోనసీమకు నీరు

ఆత్రేయపురం పేరు చెప్పగానే అందరికీ పూతరేకులు జ్ఞప్తికి వచ్చును. కాగితము కన్న పలుచనైన ఆ రేకు బియ్యపు పిండితో తయారగును. బియ్యము వరి చేను నుండి, వరి చేను కాలువ నీటి నుండి వచ్చినవి. ఆ కాలువకు మూలపురుషుడు సర్ ఆర్థర్ కాటన్.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించెను. అడిస్కోంబ్ సైనిక విద్యాలయమున శిక్షణ పొంది, మద్రాసు ఇంజనీర్ల దళమున చేరి, 1821లో భారతదేశమునకు వచ్చెను. ఆయనకు నిజమైన విద్యాభ్యాసము కావేరీ తీరమున జరిగినదని చెప్పవచ్చును. చోళులు ఇసుక మీదనే నిలిపిన కల్లణై ఆనకట్టను ఆయన శ్రద్ధగా పరిశీలించెను. నది అడుగున రాయి తగలకపోయినను కట్టడము నిలుచునని మన పూర్వులే ఆయనకు నేర్పిరి. ఆ పాఠముతో 1836లో కొల్లడముపై ఆనకట్ట నిర్మించి, నీరు తగ్గిపోవుచున్న తంజావూరు సీమను కాపాడెను.

అప్పటి గోదావరి మండలము దయనీయ స్థితిలో ఉండెను. 1832–33లో కరవు, 1839లో కోరంగిని ముంచిన తుఫాను, వీటికి తోడు కంపెనీ వారి శిస్తు. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెను. ప్రక్కనే మహానది ప్రవహించుచుండగా ప్రజలు ఆకలితో మరణించిరి. వరదనీరంతయు సముద్రము పాలగుచుండెను.

1844లో కాటన్ గోదావరిని పరిశీలించి ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టవలెనని నివేదించెను. 1846 డిసెంబరులో అనుమతి లభించినది. 1847లో పని ప్రారంభమైనది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టడము సాగినది. వీనిలో ర్యాలి మన ఆత్రేయపురము మండలములోని గ్రామమే. సమీపపు కొండల రాతిని పట్టాలపై బండ్లలో తెచ్చి నదిలో దింపిరి. వేలాది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు శ్రమించిరి. వీణెం వీరన్న గారు కాటన్‌కు కుడిభుజమై నిలిచిరి. నడుమ అనారోగ్యముతో కాటన్ సెలవుపై పోగా, కెప్టెన్ ఆర్ పనిని నిర్వహించెను. 1852లో ఆనకట్ట పూర్తియైనది.

అయితే ఆనకట్ట కట్టినంత మాత్రమున రైతు పొలము తడువదు. బొబ్బర్లంక వద్ద బయలుదేరిన మధ్య డెల్టా ప్రధాన కాలువ లొల్ల లాకుల వద్ద శాఖలుగా చీలి కోనసీమలో వ్యాపించును. గన్నవరము వద్ద వైనతేయను దాటించుటకు అక్విడక్టు నిర్మించి అవతలి లంకభూములకు సైతము నీరందించిరి. ఈనాడు గోదావరి డెల్టాలో సుమారు 10 లక్షల ఎకరములు సాగగుచున్నవి.

ఈ పని కేవలము దయతో జరుగలేదని కూడ మనము గుర్తింపవలెను. శిస్తు పెరుగుననియే కంపెనీ అనుమతించినది. కాటన్ మాత్రము నీటిని రైతు ఇంటికి చేర్చుటయే కరవునకు ఉత్తమమైన సహాయమని జీవితాంతము వాదించెను. రైలు మార్గముల కన్న కాలువలు ముఖ్యమని పట్టుబట్టినందున స్వదేశమున విమర్శలకు గురియై, 1878లో పార్లమెంటు సంఘము ఎదుట సాక్ష్యము చెప్పవలసి వచ్చెను. 1861లో సర్ బిరుదు పొందిన ఆయన, 1899 జూలై 24న తొంబది ఆరవ ఏట కన్నుమూసెను. పాత ఆనకట్ట స్థానమున 1970లో ప్రారంభమై 1982లో పూర్తియైన బ్యారేజికి ఆయన పేరే పెట్టిరి.

విద్యార్థి మిత్రులారా! విగ్రహమునకు పూలమాల వేయుటతో ఆ ఋణము తీరునా? 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించిరి. గిట్టుబాటు ధర లేకపోవుటతో బాటు, మురుగు కాలువలు పూడి పొలములు ముంపునకు గురియగుట కూడ వారి ఆవేదనకు కారణము. నీటిని పొలమునకు తెచ్చుట ఎంత ముఖ్యమో, మిగులు నీటిని పొలము నుండి పంపుట అంత ముఖ్యము. పై రైతు అవసరమునకు మించి తోడుకొనిన, చివరి ఆయకట్టు రైతునకు తడి అందదు. కాలువలో చెత్త వేసిన చేతులు, గట్టు త్రవ్వి మట్టి తీసిన చేతులు మన చేతులే.

కాటన్ పరదేశి. భాష వేరు, మతము వేరు. అయినను ఆయన మన మట్టిని చదివెను, మన పూర్వుల కట్టడముల ముందు శిష్యుడై కూర్చుండెను. ఈ మట్టిలో పుట్టిన మనము ఇంటి ప్రక్క కాలువ ఎచ్చట పుట్టి, ఎవరి పొలము తడిపి, ఎచ్చట సముద్రమున కలియుచున్నదో ఒక్కసారి నడచి చూచిన, ఆయన జీవితమును నిజముగా చదివినవారమగుదుము.