బళ్ళారి రాఘవాచార్యులవారు - పాత్రౌచిత్యము

నాటకమునకు కవి యెంత ముఖ్యుడో, పాత్రలను తగినవారికి పంచియిచ్చు ప్రయోక్తయు నంత ముఖ్యుడు. భరతముని పాత్రధారణమును అనురూపము, విరూపము, రూపానుసారిణి యని మూడువిధములుగ విభజించెను. స్త్రీపాత్రను స్త్రీయు, పురుషపాత్రను పురుషుడును వయసునకు తగినట్లు ధరించుట అనురూపము. బాలుడు వృద్ధుడుగను, వృద్ధుడు బాలుడుగను నటించుట విరూపము. పురుషుడు స్త్రీవేషమును పూనుట రూపానుసారిణి. ఆంధ్రరంగమున అనురూపమార్గమునకై పాటుపడిన మహానటులలో శ్రీ బళ్ళారి రాఘవాచార్యులవారు అగ్రగణ్యులు. వారి చరిత్రమును సంగ్రహముగ నిచట విన్నవించుచున్నాము.

శ్రీవారు 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీని తాడిపత్రిలో జన్మించిరి. ఆంధ్రనాటకపితామహులని ప్రసిద్ధికెక్కిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు వీరికి మేనమామ. మదరాసున న్యాయశాస్త్రము చదివి బళ్ళారిలో న్యాయవాదులై పేరుగాంచిరి. వృత్తి జీవనమునకు, నాటకము ప్రాణమునకు.

ఆ కాలమున పద్యమును రాగముతో సాగదీయువానికే చప్పట్లు మిక్కుటముగ నుండెడివి. రాఘవగారు రసభంగకరమైన ఆలాపనను విడిచి, మాటయందును చూపునందును భావమును నిలిపిరి. కోలాచలము శ్రీనివాసరావుగారి రామరాజు చరిత్రమున వారు ధరించిన పఠాన్ రుస్తుం పాత్ర చిరస్మరణీయమైనది.

అయినను వారు తలపెట్టిన కష్టతరకార్యము వేఱొకటి. సురభివారి వంటి కుటుంబసమాజములయందు స్త్రీలు నటించుచున్నను, తక్కిన రంగములయందు స్త్రీపాత్రలు చాలవఱకు పురుషులవే. చదువుకొన్న కుటుంబస్త్రీ రంగమెక్కినచో లోకులు నిందించెడివారు. రాఘవగారు ఆ నిందకు వెఱవక, కొమ్మూరి పద్మావతీదేవిగారి వంటి విదుషీమణులను ప్రోత్సహించి, వారితో కలిసి నటించిరి. ఎదుట నిజముగ స్త్రీయే నిలిచినప్పుడు పురుషపాత్రధారి నటనయు సహజమగునని మా యభిప్రాయము.

చలనచిత్రముల విషయము కొంత భిన్నము. 1936లో ద్రౌపదీకథనే రెండు సంస్థలు చిత్రించినవి. ద్రౌపదీమానసంరక్షణమున దుర్యోధనుడు రాఘవగారే; అయినను జయము ద్రౌపదీవస్త్రాపహరణమునే వరించినది. ఒక్క మహానటుని చేర్చుకొన్నంతమాత్రమున చిత్రము నిలువదనియు, పాత్రలన్నియు పరస్పరము పొసగవలెననియు దీనివలన గ్రహింపదగును. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి రైతుబిడ్డయందు ఆ దుర్యోధనుడే కర్షకుడుగ నటించెను. కిరీటము తీసి తలపాగ చుట్టుటకు వెనుదీయని నటుడే నటుడు. 1940లో చండికయందును నటించిరి. 1946వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీని కీర్తిశేషులైరి.

నేడు ఇంటింట దూరదర్శన నాటకములు ప్రదర్శింపబడుచున్నవి. ముఖసౌందర్యమునే చూచి పాత్ర నిచ్చుటయు, పేరునే చూచి చిత్రము తీయుటయు నేటికిని మానలేదు. సభ్యులారా, పోషకమహాశయులారా! మన బిడ్డలలో నటనాశక్తి గలవారిని, ఆడపిల్లలైనను మగపిల్లలైనను, అపనిందకు భయపడి ఆపకుడు. తగిన పాత్ర తగిన చేతులలో పడునట్లు తోడ్పడుడు. రాఘవాచార్యులవారికి అంతకు మించిన నివాళి లేదని మేము తలంచుచున్నాము.