మూడుసార్లు పౌరుడైన సిపాయి: భగత్ సింగ్ థింద్

కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేసి, చేతిలో చిన్న జెండాతో ఫోటో దిగి అమెరికా పౌరులమైన వాళ్ళం ఈ సభల్లో వేలమంది ఉంటాం. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడటం మనకు బాగా తెలుసు. కానీ చేతికిచ్చిన పౌరసత్వాన్ని ఒంటిరంగు చూసి వెనక్కి లాక్కోవడం మనలో ఎవరికీ అనుభవంలో లేదు. ఆ అనుభవం రెండుసార్లు ఎదురైన భారతీయుడు భగత్ సింగ్ థింద్. అమెరికాలో జాతి వివక్ష గురించి మాట వచ్చినప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది ఆయనే.

ఉరికంబమెక్కిన విప్లవవీరుడు భగత్ సింగ్ వేరు, ఈయన వేరు. థింద్ 1892 అక్టోబరు 3న పంజాబులో, అమృతసర్ ప్రాంతంలో పుట్టారు. పై చదువుల ఆశతో 1913లో అమెరికా వచ్చారు. పొట్టపోసుకోవడానికి ఆరెగాన్ రాష్ట్రంలోని అస్టోరియాలో కలప మిల్లులో పనికి కుదిరారు. అప్పట్లో పడమటి తీరంలో మనవాళ్ళు చేసిన పనులు అవే: కలప మిల్లులు, రైలు పట్టాలు, పొలాలు. హిందువులైనా, సిక్కులైనా, ముస్లిములైనా అందరినీ ఇక్కడివాళ్ళు హిందువులనే పిలిచేవారు. 1907లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో వందలాది తెల్లవాళ్ళు ఒక రాత్రి మనవాళ్ళ బసల మీద పడి కొట్టి, ఊరు నుంచే తరిమేశారు. థింద్ వచ్చిన నాటికి ఆ సంగతి ఇంకా పాతబడలేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో, 1918 జూలైలో, థింద్ అమెరికా సైన్యంలో చేరారు. తలపాగా తియ్యకుండానే సైనికుడిగా పనిచేసి, నవంబరులో తాత్కాలిక సార్జెంటు అయ్యారు. డిసెంబరు 9న, ఒంటిమీద సైనిక దుస్తులతోనే, వాషింగ్టన్ రాష్ట్రంలో పౌరసత్వం అందుకున్నారు. నాలుగు రోజులు తిరక్కుండానే దాన్ని రద్దు చేశారు. కారణం ఒక్కటే, ఆయన తెల్లవాడు కాదని. మరి కొద్ది రోజులకు ప్రవర్తన ఉత్తమమన్న పత్రంతో సైన్యం ఆయనను గౌరవంగా సాగనంపింది.

ఇక్కడ ఒక చట్టం గురించి చెప్పుకోవాలి. 1790లో చేసిన చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్ళలో స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్ళకే పౌరసత్వం. అంతర్యుద్ధం ముగిశాక 1870లో ఆఫ్రికా సంతతివారిని కూడా చేర్చారు. ఆసియావాళ్ళ సంగతి ఏమిటన్నది న్యాయమూర్తి దయమీద ఆధారపడేది. ఒక ఊళ్ళో దొరికిన పౌరసత్వం పక్క ఊళ్ళో దొరికేది కాదు.

థింద్ ఊరుకోలేదు. పక్క రాష్ట్రం ఆరెగాన్‌లో మళ్ళీ దరఖాస్తు పెట్టారు. ఆయనకు గదర్ పార్టీ వాళ్ళతో స్నేహం ఉందని, భారత స్వాతంత్ర్యం కోరుతున్నాడని ప్రభుత్వాధికారి అభ్యంతరం చెప్పాడు. న్యాయమూర్తి అవన్నీ విని కూడా 1920 నవంబరులో పౌరసత్వం ఇచ్చారు. ప్రభుత్వం అప్పీలు చేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

అదే సమయంలో టకావో ఒజావా అనే జపాన్ దేశస్థుడి కేసు కూడా అక్కడికి వచ్చింది. తెల్లవాడంటే కాకేసియన్ జాతివాడని, జపాన్‌వాడు ఆ జాతి కాదని 1922 నవంబరులో కోర్టు తీర్పిచ్చింది. థింద్ పక్షాన వాదించినవాళ్ళకు ఇది కలిసొచ్చింది. ఉత్తర భారతీయులు కాకేసియన్లేనని ఆనాటి మానవశాస్త్రం పుస్తకాల్లోనే ఉంది కదా అన్నారు. మూడు నెలలు గడిచాక, 1923 ఫిబ్రవరి 19న, అదే కోర్టు మాట మార్చింది. శాస్త్రం ఏం చెప్పినా సామాన్య ప్రజల దృష్టిలో భారతీయుడు తెల్లవాడు కాడని ఏకగ్రీవంగా తేల్చింది. రెండు తీర్పులూ రాసింది జార్జ్ సదర్లాండ్ గారే. ఆయన కూడా ఇంగ్లండులో పుట్టి పసితనంలో వలస వచ్చినవారే!

తీర్పు థింద్ ఒక్కరితో ఆగలేదు. అప్పటికే పౌరులైన మనవాళ్ళ మీద ప్రభుత్వం వరసగా కేసులు వేసి పౌరసత్వాలు ఊడబెరికింది. పౌరసత్వానికి అర్హత లేనివారు భూమి కొనరాదన్న కాలిఫోర్నియా చట్టం మన రైతులకూ వర్తించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకుంటున్న వైష్ణోదాస్ బగాయ్ పౌరసత్వంతో పాటు ఆస్తీ పోగొట్టుకున్నారు. స్వదేశం వెళ్ళి వద్దామంటే అమెరికా పాస్‌పోర్టు కూడా ఇవ్వలేదు. తన బాధ ఉత్తరంలో రాసిపెట్టి 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. థింద్ తరపు న్యాయవాది సఖారాం గణేశ్ పండిత్ మాత్రం తన సొంత కేసులో పోరాడి 1927లో నెగ్గారు. ఆ తర్వాతే ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

ఆ 1923లోనే, తీర్పు వచ్చిన ఎనిమిది నెలలకు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. లోకానికి అన్ని మందులిచ్చిన ఆ మహానుభావుడు కూడా 1946 దాకా ఈ దేశపు పౌరసత్వానికి అర్హుడు కాడు. ఆ ఏడు జూలైలో వచ్చిన లూస్-సెల్లర్ చట్టం మనవాళ్ళకు ఆ అర్హత ఇచ్చింది, ఏడాదికి వందమందికి వలస అనుమతీ ఇచ్చింది. రెండేళ్ళకే సుబ్బారావు గారు కన్నుమూశారు.

మొదటి యుద్ధంలో పనిచేసిన సైనికులకు జాతితో పనిలేకుండా పౌరసత్వం ఇవ్వాలని 1935లో ఒక చట్టం వచ్చింది. దాని పుణ్యమా అని 1936లో న్యూయార్కులో థింద్ మూడోసారి పౌరుడయ్యారు. ఈసారి ఎవరూ తీసుకోలేదు. ఆయన ఊరూరా తిరిగి ఆధ్యాత్మిక ప్రసంగాలు చేస్తూ, పుస్తకాలు రాస్తూ జీవించి 1967 సెప్టెంబరు 15న మరణించారు.

ఈ కథలో నన్ను ఇబ్బంది పెట్టే భాగం ఒకటుంది. కోర్టులో థింద్ పక్షం ఈ చట్టం అన్యాయమని అనలేదు. ఆయన అగ్రకులస్థుడని, ఆర్యుడని, తక్కువ కులాలతో కలవని వంశమని, కాబట్టి తెల్లవాళ్ళ పక్కన కూర్చోబెట్టమని వాదించింది. ఆ రోజుల్లో ఆ చట్టం కింద గెలవాలంటే అంతకన్నా దారి లేదని న్యాయవాదులు అనుకుని ఉండవచ్చు. అయినా కులం గొప్ప చెప్పుకుని రంగు గడప దాటాలనుకోవడం మనకు కొత్త ఆలోచన కాదు. పెళ్ళి ప్రకటనల్లో తెల్లని పిల్ల కావాలంటాం. తెలుగులో మాట్లాడితే ఎవరికి తెలుస్తుందన్న ధీమాతో నల్లజాతివారి గురించి మన విందుల్లో ఎన్ని మాటలు దొర్లుతాయో నేను విన్నాను, మీరూ వినే ఉంటారు.

మనకు తలుపు తెరిచిందెవరు? దేశాన్ని బట్టి మనుషులను వేరుచేసే పాత కోటాలను రద్దు చేసిన వలస చట్టం మీద 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టారు. ఆ రోజు థింద్ డెబ్భై మూడో పుట్టినరోజు. పౌరహక్కుల కోసం నల్లజాతివారు లాఠీదెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి, ప్రాణాలిచ్చి కదిలించిన దేశంలోనే ఆ చట్టం సాధ్యమైంది. మన వీసాల వెనక వాళ్ళ త్యాగం ఉంది.

రోజులు మారాయి, కానీ అంతా మారలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో ఒక తెలుగు ఇంజనీరును రంగు చూసి కాల్చి చంపారు. అడ్డుపడబోయిన తెల్లజాతి యువకుడికీ తూటా తగిలింది. 2020 మే నెలలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు మోకాలి కింద ఊపిరాడక చనిపోయాడు. మొదటిదానికి మనం కొవ్వొత్తులు వెలిగించాం. రెండోదానికి మనలో ఎంతమందిమి కదిలాం?

ఇక్కడ పుట్టిన మన పిల్లలకు థింద్ కథ చెబుదాం. ఆయన పట్టుదలతో పాటు ఆ కోర్టులో వినిపించిన వాదన కూడా దాచకుండా చెబుదాం. అది విని వాళ్ళు అడిగే ప్రశ్నలకు మన ఇళ్ళల్లోనే జవాబు వెతుక్కుందాం.