స్టూల్ కల్చర్ రిపోర్టుకు మూడు రోజులెందుకు?

అమీర్‌పేట హాస్టల్‌లో ఉంటూ కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్న మీ అబ్బాయికి విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగు రోజులైనా తగ్గలేదు, జ్వరం కూడా ఉంది. డాక్టర్ స్టూల్ కల్చర్ రాశారు. పంజాగుట్ట దాకా దారి పొడవునా ల్యాబులే. అయినా రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుందంటారు. ఎందుకో తెలియాలంటే రాబర్ట్ కోచ్ కథ వినాలి.

కోచ్ 1843లో జర్మనీలోని క్లౌస్తాల్‌లో పుట్టారు. తండ్రి గనుల అధికారి. వైద్యం చదివి, వోల్‌స్టైన్ అనే చిన్న ఊళ్లో ప్రభుత్వ వైద్యుడిగా చేరారు. రోగులను చూస్తూనే, తీరిక దొరికినప్పుడల్లా మైక్రోస్కోప్ ముందు కూర్చునేవారు. పశువులకు వచ్చే దొమ్మవ్యాధికి ఒక బ్యాక్టీరియా కారణమని 1876లో నిరూపించారు. ఆ పేరుతోనే 1880లో బెర్లిన్‌కు పిలుపొచ్చింది.

అప్పట్లో బ్యాక్టీరియాను మాంసపు రసంలో పెంచేవారు. అందులో రకరకాల క్రిములు కలగాపులగమైపోయేవి. ఉడికించిన బంగాళాదుంప ముక్క మీద అవి విడివిడి చుక్కలుగా పెరగడం కోచ్ గమనించారు. ఒక్కో చుక్క ఒక్కో క్రిమి సంతానం. ఆ తర్వాత పోషకాలు కలిపిన జెలటిన్‌ను గాజుపలక మీద పోసి పెంచారు. అయితే జెలటిన్ మన శరీరపు వేడికే కరిగిపోతుంది. ఆయన ల్యాబులో పనిచేసే వాల్తర్ హెస్సే భార్య ఫానీ, వంటింట్లో జెల్లీకి వాడే అగర్‌ను సూచించారు. నేటికీ ల్యాబుల్లో వాడేది అదే.

1882 మార్చి 24న క్షయ క్రిమిని ప్రకటించిన కోచ్, మరుసటి ఏడాది కలరా వెంట ఈజిప్టుకు, అక్కడి నుంచి కలకత్తాకు వచ్చారు. మృతుల పేగుల్లో కామా ఆకారపు క్రిములు కనిపించాయి. ఇటలీకి చెందిన పచీనీ 1854లోనే వాటిని చూసినా ఎవరూ పట్టించుకోలేదు. పేగుల్లో ఎన్నో క్రిములుంటాయి కదా, దోషి ఏది? గుర్తుపట్టడానికి జెలటినే దారి చూపింది. ఈ క్రిములు పెరిగినచోట అది కరిగి, చిన్న గరాటులాంటి గుంట పడేది. చుక్కలు గాజుపెంకుల్లా మెరిసేవి. జనం వాడుకునే చెరువు నీటిలోనూ అవే దొరికాయి.

కోచ్‌కు ఎదురుదెబ్బలూ తగిలాయి. క్షయకు మందంటూ 1890లో ప్రకటించిన ట్యుబర్క్యులిన్ రోగం నయం చేయలేకపోయింది. తర్వాత అది వ్యాధి నిర్ధారణ పరీక్షగా పనికొచ్చింది. 1905లో నోబెల్ అందుకున్న ఆయన 1910లో కన్నుమూశారు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. మీరిచ్చిన నమూనాను నేటికీ ప్లేట్ల మీదే పరుస్తారు. వాటిలో ఒకటైన మెకాంకీ అగర్‌లో పైత్యలవణాలు, లాక్టోజ్ చక్కెర, రంగు ఉంటాయి. పేగుల్లో మామూలుగా ఉండే ఇ.కోలై ఆ చక్కెరను పులియబెట్టి గులాబీ రంగు చుక్కలుగా పెరుగుతుంది. టైఫాయిడ్, జిగట విరేచనాల క్రిములు రంగులేకుండా ఉంటాయి. అవి కనబడేంతగా పెరగడానికి ఒక రాత్రి పడుతుంది. అనుమానించినవాటిని విడదీసి, ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతాయో చూడటానికి మరో రోజు, రెండు రోజులు కావాలి.

కాబట్టి వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే నమూనా ఇవ్వండి. ముందే మింగితే అసలు క్రిమి పెరగకపోవచ్చు. ల్యాబు ఇచ్చిన డబ్బాలోనే, మూత్రం కలవకుండా పట్టి, త్వరగా అందజేయండి. ఓఆర్ఎస్ మాత్రం రిపోర్టు కోసం ఆపకండి. రక్తం పడుతున్నా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.