మెండెల్ మహాశయుడు

దైవభక్తికిని ప్రకృతిశాస్త్రమునకును పొత్తు పొసగదని కొందఱును, సృష్టిరహస్యములను శోధించుట అపచారమని మఱికొందఱును వాదించుచుందురు. నూతన విత్తనములను గూర్చిన వార్త వెలువడినప్పుడెల్ల ఈ వాదము మఱల తలయెత్తుచుండును. ఇట్టి తరుణమున మేము గ్రెగర్ మెండెల్ మహాశయుని జీవితమును పాఠకులకు జ్ఞప్తికి దెచ్చుచున్నాము. ఆయన క్రైస్తవ మఠమందలి సన్న్యాసి. వంశపారంపర్య శాస్త్రమునకు మూలపురుషుడు.

1822వ సంవత్సరమున, ఆస్ట్రియా సామ్రాజ్యమందలి సైలీషియా సీమలో ఒక రైతుయింట ఆయన జన్మించెను. ఆ పల్లె నేడు చెక్ దేశమున నున్నది. తండ్రి తన పొలము దున్నుకొనుటయే గాక, వారమునకు మూడు దినములు భూస్వామికి వెట్టి చేయవలసి యుండెను. 1838లో మ్రాను మీదపడి తండ్రి గాయపడగా కుమారుని చదువునకు ఆధారము తప్పెను. అప్పుడు చెల్లెలు థెరీసియా తన కట్నములో కొంతభాగమును అన్న చదువునకై విడిచిపెట్టెను. ఆ త్యాగము విలువ మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. తరువాతికాలమున ఆయన ఆమె కుమారుల విద్యకు తోడ్పడి ఋణము తీర్చుకొనెను.

1843లో ఆయన బ్రనో పట్టణమందలి అగస్టీనియను మఠమున చేరెను. ఉపాధ్యాయపరీక్షలో 1850లో తప్పెను. 1856లో మఱల ప్రయత్నించియు నెగ్గలేకపోయెను. మఠాధిపతి నాప్ మాత్రము ఆయనయందు విశ్వాసము వీడక, నడుమ వియన్నా విశ్వవిద్యాలయమునకు పంపి చదివించెను.

1856 మొదలు 1863 వఱకు మఠపు తోటలో ఆయన బఠాణీమొక్కలతో శోధనలు సాగించెను. పూవు విచ్చకమునుపే కేసరములను తొలగించి, వేఱొక మొక్క పుప్పొడిని స్వహస్తముతో నుంచి, పూవునకు చిన్నసంచి తొడిగెను. ఇట్లు సుమారు 28,000 మొక్కలను పరిశీలించెను. పసుపుగింజల జాతిని ఆకుపచ్చగింజల జాతితో కలుపగా మొదటితరమున అన్నియు పసుపుగింజలే. వానిని నాటగా రెండవతరమున 6,022 పసుపుగింజలును, 2,001 ఆకుపచ్చగింజలును లభించెను. మూడింటికొకటి చొప్పున మఱుగుపడిన గుణము బయల్పడెను. తల్లిదండ్రుల గుణములు పాలునీళ్లవలె కలిసిపోక, విడివిడిగనే యుండి సంతతికి సంక్రమించునని ఆయన గ్రహించెను. సంకరవిత్తనపు పంటనుండి దాచిన గింజలు మఱుసటియేడు ఏకరీతిగ పండకుండుటకు కారణ మిదియే.

1865లో బ్రనో ప్రకృతిశాస్త్రసభలో ఈ ఫలితములను వినిపించెను. 1866లో అవి ముద్రితమయ్యెను. వాని గౌరవము నెవ్వరును గుర్తింపలేదు. మ్యూనిక్ నగరపు వృక్షశాస్త్రజ్ఞుడు నేగెలీతో ఉత్తరప్రత్యుత్తరములు నడపుచు, హైరేషియమను మొక్కపై ఆయన యేండ్లతరబడి శ్రమించెను. బఠాణీలో కనిపించిన నియమము అందు కనబడలేదు. ఆ మొక్క తఱచు పరాగముతో పనిలేకయే విత్తు కట్టునని ఆయన యెఱుగడు. అయినను తన సిద్ధాంతమునకు ప్రతికూలమగు ఆ ఫలితమును దాచక, 1869లో అదే సభలో వెల్లడించెను. మా దృష్టిలో ఆయన జీవితమున మహోన్నతఘట్ట మిదియే.

1868లో మఠాధిపతియైన పిదప పాలనాభారమును, మఠములపై విధింపబడిన పన్నునుగూర్చి ప్రభుత్వముతో వివాదమును ఆయన కాలమును హరించెను. 1884 జనవరి 6వ తేదీన కీర్తి నెఱుగకయే కన్నుమూసెను. 1900లో డీ వ్రీస్, కోరెన్స్, చెర్మాక్ అను మువ్వురు అవే నియమములను పేర్కొనగా లోక మాయనను గుర్తించెను. మన మారుటేరు పరిశోధనస్థానమున రెండు వరిజాతుల సంకరముచే పుట్టిన స్వర్ణ వంగడము ఆ విద్యాఫలమే.

మఠము ఆయన శోధనకు అడ్డురాలేదు. శోధన ఆయనను మఠమునుండి వెడలింపలేదు. ప్రకృతి చెప్పిన సాక్ష్యమును, అది తనకు ప్రతికూలమైనను, మార్చక వ్రాయుటయే ఆయన శాస్త్రము. భక్తియు ఇంతకంటె వేఱొకటి కోరదని మా విశ్వాసము. తమకు నచ్చిన గింజలను మాత్రమే లెక్కించువారు, ఏ పక్షమువారైనను, ఈ సన్న్యాసినుండి నేర్చుకొనవలసినది కలదు.