చూపు లేకుండా గడులు నింపిన ఆయిలర్

సుడోకు యాప్‌లో ఈజీ, మీడియం దాటి ఎక్స్‌పర్ట్ లెవెల్‌కి వెళ్లగానే చాలామంది ఒక పని చేస్తారు. ఏదో ఒక గడిలో 7 పెట్టేసి, కుదిరితే కుదిరిందిలే అని ముందుకెళ్లిపోతారు. ఇరవై గడులయ్యాక ఒకే వరుసలో రెండు 7లు తేలతాయి. మళ్లీ మొదటికి! అలా గుడ్డిగా వెయ్యకుండా, ఏది కుదరదో తేల్చుకుంటూ వెళ్లే ఆలోచనకు దారి వేసినవాళ్లలో లియొనార్డ్ ఆయిలర్ ఒకరు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి మనం యూలర్ అని చదివేస్తాం గానీ, ఆయిలరే కరెక్టు.

సుడోకును కనిపెట్టింది ఆయనేనని నెట్‌లో తరచూ కనిపిస్తుంది. అది నిజం కాదు. ఈ పజిల్ 1979లో అమెరికాలోని ఒక పజిల్ మ్యాగజైన్‌లో వేరే పేరుతో వచ్చింది, 1984లో జపాన్‌కు చేరి సుడోకు అయింది. ఆయిలర్ ఇచ్చింది దాని అస్థిపంజరం.

ఆయన 1707లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టారు. తండ్రి పాస్టర్, కొడుకూ అదే అవ్వాలని ఆశ. కానీ కుర్రాడికి లెక్కల పిచ్చి. ఆ ఊళ్లోనే ఉన్న గొప్ప గణితవేత్త యోహాన్ బెర్నూలీ ట్యూషన్ చెప్పడానికి తీరిక లేదన్నారు. పుస్తకాలు సొంతంగా చదువుకో, అర్థంకానివి ఉంటే శనివారం మధ్యాహ్నం వచ్చి అడుగు అన్నారు. డౌట్లు తక్కువ మిగలాలని ఆయిలర్ వారమంతా కుస్తీ పట్టేవారు. ఇరవై ఏళ్లు నిండకముందే బాసెల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ పోస్టుకు అప్లై చేశారు. రాలేదు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో ఖాళీ ఉందని కబురొచ్చింది, కానీ అది శరీరశాస్త్రం విభాగంలో! సరే అని ఆ సబ్జెక్టూ చదివి, 1727లో బయల్దేరి వెళ్లారు. గణితం ప్రొఫెసర్ కావడానికి 1733 దాకా ఆగాల్సి వచ్చింది.

అక్కడున్నప్పుడే కోనిగ్స్‌బర్గ్ వంతెనల సమస్య ఆయన దగ్గరికొచ్చింది. నదిపై 7 వంతెనలు. ఒక్కోదాన్ని ఒక్కసారే దాటుతూ ఊరంతా తిరగగలమా? ఆయిలర్ దారులన్నీ గీసి చూస్తూ కూర్చోలేదు. నేలభాగాలను, వాటిని కలిపే వంతెనలను మాత్రమే పట్టించుకున్నారు. మధ్యలో వచ్చే ఏ చోటికైనా ఒక వంతెన మీదుగా వస్తే, ఇంకోదాని మీదుగా పోవాలి. అంటే అక్కడి వంతెనలు సరిసంఖ్యలో ఉండాలి. బేసి ఉంటే అది మొదలైనా కావాలి, చివరైనా కావాలి. ఇక్కడున్న నాలుగు నేలభాగాలకూ బేసే. కాబట్టి అసాధ్యం. గ్రాఫ్ థియరీ పుట్టింది ఇక్కడే. సుడోకు నిపుణులు వాడే కలరింగ్ టెక్నిక్ కూడా గ్రాఫే: ఒక వరుసలో ఒక అంకెకు రెండే గడులు మిగిలితే వాటిని గీతతో కలిపి, రెండు రంగులు వేస్తారు. అలా గొలుసుగా పోతూ ఒకే రంగు గడులు రెండు ఒకే వరుసలో పడ్డాయా, ఆ రంగు మొత్తం తప్పు.

1738లో కుడికంటి చూపు దాదాపు పోయింది. బెర్లిన్‌లో 25 ఏళ్లు పనిచేసి 1766లో పీటర్స్‌బర్గ్‌కు తిరిగొచ్చాక ఎడమకంటికి శుక్లం. 1771లో ఆపరేషన్ చేస్తే కొన్నాళ్లు కనిపించి, మళ్లీ చీకటే. అదే ఏడాది ఇల్లు కాలిపోయింది. అయినా కొడుకులకు, సహాయకులకు నోటితో చెబుతూ రాయించారు. 800కు పైగా రచనల్లో దాదాపు సగం ఈ చివరి దశలోవే.

వాటిలో ఒకటి 1779లో అకాడమీకి సమర్పించిన పేపర్. ఆరు రెజిమెంట్లు, ఆరు హోదాలు, మొత్తం 36 మంది సైనికాధికారులు. ప్రతి అడ్డు వరుసలో, ప్రతి నిలువు వరుసలో ఒక్కో రెజిమెంటూ ఒక్కో హోదా ఒక్కసారే వచ్చేలా వాళ్లను నిలబెట్టగలమా? ఏ గుర్తూ వరుసలో రెండుసార్లు రాని ఇలాంటి చదరాలను ఆయన లాటిన్ అక్షరాలతో నింపారు. అందుకే లాటిన్ స్క్వేర్ అన్న పేరు. దానికి 3×3 పెట్టెల నియమం కలిపితే సుడోకు.

ఎక్స్-వింగ్ అనే టెక్నిక్ చూడండి. 7 అంకెకు 2వ అడ్డు వరుసలో 3, 8 నిలువు వరుసల గడులే మిగిలాయి. 6వ అడ్డు వరుసలోనూ అవే రెండు. 2వ వరుస 7ను 3లో పెడితే, 6వ వరుస 8లో పెట్టక తప్పదు. లేదంటే తారుమారు. ఎలా చూసినా ఆ రెండు నిలువు వరుసల 7లు ఇక్కడే అయిపోయాయి. మిగతా గడుల్లోంచి 7ను నిశ్చింతగా కొట్టేయొచ్చు. మూడు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసలతో ఇదే పని చేస్తే స్వోర్డ్‌ఫిష్. 7 ఎక్కడుందో ఇంకా తెలీదు, అయినా పజిల్ కదిలింది. నాకు సుడోకులో బాగా నచ్చేది ఇదే.

36 మంది సమస్య మాత్రం ఆయిలర్‌కు లొంగలేదు. బేసి సైజులకు, 4తో భాగించబడే సైజులకు అమరిక దొరికింది. 6కు ఎంత చూసినా దొరకలేదు. పూర్తి రుజువు లేకుండానే 10, 14, 18లకు కూడా కుదరదని అంచనా వేశారు. 1783లో, 76 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 6 నిజంగానే అసాధ్యమని 1901లో గాస్టన్ టారీ ఒక్కో కేసూ పరిశీలించి తేల్చారు. ఇక 1959లో భారతీయులు ఆర్.సి. బోస్, ఎస్.ఎస్. శ్రీఖండే, అమెరికన్ ఇ.టి. పార్కర్ కలిసి మిగతా అంచనాను కొట్టిపారేశారు. 10 కుదురుతుంది, 14 కుదురుతుంది, ఆపైన అన్నీ కుదురుతాయి.

ఆ బోస్‌తో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసినవారే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంఏ చేసిన మన సి.ఆర్. రావు. 1940ల్లో ఆయన ఈ చదరాల ఆలోచనను విస్తరించి ఆర్థోగనల్ అరేలను రూపొందించారు. అన్ని కాంబినేషన్లూ పరీక్షించే టైమ్ లేనప్పుడు, ఏ రెండు సెట్టింగుల జతా తప్పిపోకుండా తక్కువ టెస్ట్ కేసులు ఎంచుకోవడానికి సాఫ్ట్‌వేర్ టెస్టర్లు వాటిని ఇప్పటికీ వాడుతున్నారు.