మేడమ్ క్యూరీ – కంటికి కనిపించని దానిని కొలిచిన మహనీయురాలు

పేదరికం చదువుకు అడ్డు కాదని చెప్పడానికి మేడమ్ క్యూరీ జీవితానికి మించిన ఉదాహరణ మాకు కనిపించలేదు. ఆమె 1867 నవంబరు 7న పోలెండ్‌లోని వార్సా నగరంలో జన్మించారు. తండ్రి ఉపాధ్యాయుడు. పదేళ్ల వయసులో తల్లి క్షయవ్యాధితో మరణించింది. రష్యా పాలనలో ఉన్న ఆ నగర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. ఆమె ఇతరుల ఇళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పి, పారిస్‌లో డాక్టరు చదివే అక్కకు డబ్బు పంపారు. 1891లో తానూ పారిస్ చేరి, చలిలో, అర్ధాకలితో చదివి, 1893లో భౌతికశాస్త్రంలో ప్రథమ స్థానం సాధించారు.

భర్త పియరీ క్యూరీతో కలిసి 1898లో పొలోనియం, రేడియం మూలకాలను కనుగొన్నారు. వానకు కారే షెడ్డులో టన్నుల కొద్దీ ఖనిజాన్ని శుద్ధిచేసి, 1902 నాటికి గ్రాములో పదో వంతు రేడియం క్లోరైడును వేరుచేశారు. 1906లో భర్త ప్రమాదంలో మరణించినా పరిశోధన ఆపలేదు. 1903లో, 1911లో నోబెల్ బహుమతులు అందుకున్నారు.

రేడియం నుండి రంగు, వాసన లేని రేడాన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆమె దానిని గాజు గొట్టాల్లో నింపి, చికిత్స కోసం ఆసుపత్రులకు పంపారు. రేడియోధార్మికత వల్ల కలిగే హాని అప్పటికి పూర్తిగా తెలియదు. ఏళ్ల తరబడి రక్షణ లేకుండా పనిచేసిన ఆమె 1934 జూలై 4న రక్తం ఉత్పత్తి కాని జబ్బుతో కన్నుమూశారు.

మిత్రులారా! రేడాన్ ప్రయోగశాలల్లోనే ఉండదు. మట్టిలో, రాళ్లలో పుట్టి, నేల పగుళ్ల గుండా ఇళ్లలోకి చేరి, మూసిన గదుల్లో పేరుకుంటుంది. పొగతాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సరుకు ముఖ్య కారణాలలో ఇదొకటి. ఇళ్లలో ఘనపు మీటరు గాలికి 100 బెకెరెల్‌లు మించకుండా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది. అమెరికా 1993లో ఏ జిల్లాలో ప్రమాదం ఎక్కువో చూపే పటం తయారుచేసింది. అయితే పక్కపక్క ఇళ్లలోనే తేడా ఉండవచ్చు గనుక పటం ఒక్కటే చాలదు, ఇంట్లోనూ కొలవాలి. ఎక్కువని తేలితే పగుళ్లు పూడ్చి, గాలి బాగా ఆడేలా చేసి తగ్గించవచ్చు.

కంటికి కనిపించని దానిని ఓపికగా కొలవడం మేడమ్ క్యూరీ లోకానికి నేర్పారు. ఆమెకు దక్కని రక్షణను నేడు ఆ కొలతే ప్రజలకు ఇస్తోంది. సైన్సు చదివే మనమందరం ఆమె బాటలో నడుద్దాం.